గుంత తీయడం తేలికే, తగిలించడమే పని: మా పోస్ట్ హోల్ డిగ్గర్ సంగతులు

ముందే చెప్పేస్తాను, ఈ మెషిన్ గుంతలు బాగా తీస్తుంది. అంతవరకు తెలిస్తే చాలనుకునేవాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు. నేను రాయబోయేదంతా గుంతకు ముందు, గుంత తర్వాత పడే పాట్ల గురించి. ట్రాక్టర్ వెనక తగిలించే డిగ్గర్ కొనాలనుకునేవాళ్ళు వీడియోల్లో ఆగర్, అంటే నేలను తొలిచే పెద్ద మరలాంటి భాగం, సర్రున నేలలోకి దిగడం చూసి ముచ్చటపడతారు. షెడ్డులో పడి ఉన్న ఆ ఇనుప సామానును ఒక మనిషి ట్రాక్టర్‌కు ఎలా ఎక్కిస్తాడో మాత్రం ఎవరూ చూపించరు. గుంత పని చిటికెలో అయిపోతుంది, నడుము పట్టేసేది ఈ రెండో పనికే.

మా ఇంట్లో ట్రాక్టర్ నడిపేదీ, పనిముట్లు మార్చేదీ నేనే. మా మరిది ఊళ్ళో ఉంటే చెయ్యేస్తాడు, లేకపోతే నేనొక్కదాన్నే. అందుకే ఏ పనిముట్టు చూసినా నాకు ముందు వచ్చే ప్రశ్న ఒకటే: దీన్ని నేనొక్కదాన్నే తగిలించి, విప్పి, పక్కన పెట్టగలనా? హార్స్‌పవర్, లోతు, వేగం అన్నీ ఆ తర్వాతే. ఈ ప్రశ్నకు జవాబు ఏ కంపెనీ కాగితంలోనూ ఉండదు గనక ఈ రివ్యూ కాస్త పొడుగే అవుతుంది.

మాది 35 హెచ్‌పీ ట్రాక్టర్. డిగ్గర్ మధ్యరకం, కేటగిరీ 1 లింకేజీకి సరిపోయేది. లింకేజీ అంటే ట్రాక్టర్ వెనక పనిముట్టును పట్టే మూడు చేతులు, పైన ఒక టాప్ లింకు, కింద రెండు లింకులు; కేటగిరీ వాటి సైజు. 9 అంగుళాల ఆగర్ ఒకటి, 12 అంగుళాలది ఒకటి తీసుకున్నాం. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే ఆకారంలో చాలామంది చేస్తున్నారు, నేను చెప్పే మంచీ చెడూ దాదాపు అన్నిటికీ వర్తిస్తాయి.

అసలు చిక్కెక్కడుందో తెలియాలంటే ముందు దీని ఒళ్ళు ఎలా ఉంటుందో తెలియాలి. పొడుగాటి ఇనుప చేయి ఒకటి ఉంటుంది, దాన్ని బూమ్ అంటారు. దాని ముందు కొస ట్రాక్టర్ టాప్ లింకు ఉండే చోట పిన్నుతో బిగుస్తుంది. మధ్యలో కిందికి దిగే ఫ్రేము ఒకటి, దాని రెండు కాళ్ళు ట్రాక్టర్ కింది లింకులకు తగులుతాయి. బూమ్ వెనక కొసన గేర్‌బాక్స్ వేలాడుతూ ఉంటుంది, దాని కింద ఆగర్. ట్రాక్టర్ వెనక తిరుగుతూ పనిముట్టుకు ఇంజన్ శక్తి అందించే కొసను పీటీఓ అంటారు, అక్కణ్ణుంచి గేర్‌బాక్స్‌కు షాఫ్టు. ఇంతే. మనం లిఫ్ట్ ఎత్తితే కింది లింకులు ఫ్రేమును లేపుతాయి, ఫ్రేము బూమ్‌ను లేపుతుంది, బూమ్ గేర్‌బాక్స్‌నీ ఆగర్‌నీ లేపుతుంది.

ఇందులో గట్టిగా బిగించి ఉన్నదేదీ లేదు చూడండి. బూమ్ ముందు పిన్ను మీద తిరుగుతుంది, ఫ్రేము బూమ్ మీద తిరుగుతుంది, గేర్‌బాక్స్ వెనక పిన్ను మీద ఊగుతుంది. ఊగాలి కూడా, లేకపోతే ఆగర్ నిట్టనిలువుగా వేలాడదు. నాగలి, కల్టివేటర్, రోటవేటర్ ఏదైనా సరే, విప్పి వదిలేస్తే తన కాళ్ళ మీద తాను నిలబడుతుంది. మళ్ళీ కావాలంటే ట్రాక్టర్ వెనక్కి పెట్టి తగిలించుకోవడమే. దీనికి కాళ్ళు లేవు. పిన్నులు లాగగానే మూడుచోట్ల మడతపడి కూలబడుతుంది. నిద్రపోయిన పిల్లాణ్ణి ఎత్తుకోబోతే తల ఒకవైపు, కాళ్ళు ఒకవైపు జారిపోతాయే, అలా ఉంటుంది దీని వ్యవహారం. పైగా బరువు వంద కిలోలు దాటి ఉంటుంది. ఒకచోట పట్టుకుంటే ఇంకోచోట వాలుతుంది, వాలిన చోట వేలు ఉందంటే ఇక అంతే.

కంపెనీ ఇచ్చిన మాన్యువల్‌లో తగిలించడం గురించి అర పేజీ ఉంది. అందులోనూ సగం బొమ్మే. ఆ బొమ్మలో డిగ్గర్ ఏ ఆధారమూ లేకుండా గాల్లో తేలుతూ ఉంటుంది, ట్రాక్టర్ వచ్చి దానికి అతుక్కుంటుంది. బొమ్మ గీసినాయన దీన్ని ఒక్కసారైనా చేత్తో పట్టుకుని ఉండడు.

నేను చేసే వరుస చెబుతాను. మొదట డ్రాబార్, అంటే ట్రాలీ తగిలించే వెనక కడ్డీ సంగతి. పొడుగ్గా వెనక్కి వచ్చే డ్రాబార్ అయితే తీసేయాలి, లేదా లోపలికి జరపాలి. ఆగర్ కిందికి దిగుతున్నప్పుడు పీటీఓ షాఫ్టు కూడా బాగా కిందికి వాలుతుంది, అడ్డంగా డ్రాబార్ ఉంటే దాన్ని రాసుకుంటుంది. కవరు చిరిగిపోవడంతో మొదలై షాఫ్టు వంగేదాకా పోతుంది. తర్వాత టాప్ లింకు పూర్తిగా తీసి పక్కన పెట్టాలి, ఆ చోటు బూమ్‌కు కావాలి. ట్రాక్టర్‌ను మెల్లగా వెనక్కి తెచ్చి, కింది లింకుల కళ్ళు ఫ్రేము పిన్నులకు బెత్తెడు దూరంలో ఉండగా ఆపి, ఇంజన్ ఆపేసి, తాళం జేబులో వేసుకుని దిగాలి. తాళం జేబులో ఉంటే, మనం మధ్యలో దూరి ఉండగా ఇంకెవరో ‘నేను కాస్త వెనక్కి తెస్తా’ అని సీటెక్కే ప్రమాదం ఉండదు.

ఎడమ లింకు ముందు, కుడి లింకు తర్వాత. చాలా ట్రాక్టర్లకు కుడి వైపు లిఫ్ట్ రాడ్డుకే ఎత్తు సర్దుకునే హ్యాండిల్ ఉంటుంది. ఎడమ పిన్ను దూర్చేశాక కుడివైపు రెండు అంగుళాలు పైకో కిందికో ఉంటే ఆ హ్యాండిల్ తిప్పి సరిచేసుకోవచ్చు. వరుస తిరగేస్తే ఆ సదుపాయం పోయి, గునపంతో ఎత్తుకుంటూ కూర్చోవాలి. పెద్ద పిన్నులు జారిపోకుండా ఆపే లించ్ పిన్నులు పెట్టాక, కింది లింకులు పక్కకు ఊగకుండా పట్టే చెక్ చైన్లు బిగించాలి. ఇవి వదులుగా ఉంటే ఆగర్ నేలను తాకగానే మొత్తం పక్కకు నడుస్తుంది, పెట్టిన గుర్తు ఒకచోట, పడిన గుంత ఇంకోచోట అవుతుంది.

పిన్నుల సైజు గురించి ఒక మాట. కేటగిరీ 1లో కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, పైది 19. కేటగిరీ 2లో కిందివి 28, పైది 25. మీ ట్రాక్టర్ లింకులు రెండో రకమై, డిగ్గర్ మొదటి రకమైతే మధ్యలో ఖాళీ నింపే గొట్టం ముక్క, అంటే బుష్, వేసుకోవాలి. వేసుకోకుండా ‘కాస్త లూజుగా ఉంటే ఏమైందిలే’ అంటే రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది. నాకు డిగ్గర్‌తో పాటు బుష్‌లు రాలేదు, విడిగా తెచ్చుకున్నాను. ఇంత ఇనుము అమ్మినవాళ్ళు ఆ రెండు గొట్టం ముక్కలు కూడా ఇచ్చి ఉండాల్సింది.

ఇక బూమ్ ముందు కొసను టాప్ లింకు బ్రాకెట్లో కూర్చోబెట్టడం. బ్రాకెట్లో రెండు మూడు రంధ్రాలు ఉంటాయి, ఏది వాడాలో మాన్యువల్ చూసి పెట్టుకోవాలి. రంధ్రం మారితే ఆగర్ ఎంత ఎత్తు లేస్తుందో, ఎంత లోతు దిగుతుందో మారుతుంది. ఒంటరిగా చేసేటప్పుడు మొత్తం పనిలో కష్టమైన ఘట్టం ఇదే. బూమ్ కొస సరిగ్గా బ్రాకెట్ ఎత్తులో ఉంటే పిన్ను దానంతట అదే జారుతుంది. రెండు వేళ్ళ ఎత్తు తేడా ఉన్నా ఒక చేత్తో బూమ్ ఎత్తుతూ, ఇంకో చేత్తో పిన్ను తోస్తూ, మోకాలితో గేర్‌బాక్స్ ఊగకుండా ఆపుతూ అవస్థ పడాలి. ఆ ఎత్తు సరిగ్గా కుదరడమనేది తగిలించే రోజు మన చేతిలో ఉండదు. కిందటిసారి విప్పి ఎలా పెట్టామన్న దాని మీదే ఉంటుంది. ఆ సంగతి కిందికి వచ్చాక చెబుతాను.

పీటీఓ షాఫ్టు చివరన. సాధారణ 540 ఆర్‌పీఎం పీటీఓకు ఆరు పళ్ళ స్ప్లైను, 35 మిల్లీమీటర్ల మందం. కాలరు వెనక్కి లాగి, పళ్ళు కలిసేదాకా తిప్పి, లోపలికి తోసి, టక్కుమని పడ్డాక ఒకసారి బయటికి గుంజి చూడాలి. ఈ గుంజి చూడటం ఎగ్గొట్టకండి. పైకి పట్టినట్టే ఉండి పట్టని కాలరు తిరగడం మొదలుపెట్టాక ఊడి వస్తుంది.

కొత్త డిగ్గర్ తెచ్చుకున్న అందరూ తప్పకుండా చూసుకోవాల్సింది షాఫ్టు పొడవు. కంపెనీవాళ్ళు అన్ని ట్రాక్టర్లకూ పనికొచ్చేలా పొడుగ్గా ఇస్తారు, మన ట్రాక్టర్‌కు సరిపడా మనం కోయించుకోవాలి. మాన్యువల్‌లో దీనికి ఒకే వాక్యం: ‘అవసరమైతే కత్తిరించండి.’ అవసరమో కాదో ఎలా తెలుసుకోవాలో రాయలేదు. పద్ధతి ఇదీ. షాఫ్టును రెండు ముక్కలుగా విడదీసి, ఒకటి ట్రాక్టర్ వైపు, ఒకటి గేర్‌బాక్స్ వైపు తగిలించాలి. లిఫ్ట్‌ను మెల్లగా పైనుంచి కిందికి కదుపుతూ ఆ రెండు కొసలు ఎక్కడ అతి దగ్గరగా వస్తాయో చూడాలి. అక్కడ ఆపి, ఇంజన్ కట్టేసి, రెండు ముక్కల్నీ పక్కపక్కన పట్టుకుని, ఒకదాని మొన ఇంకోదాని మొదలుకు కనీసం రెండు మూడు సెంటీమీటర్లు ఎడం ఉండేలా గుర్తు పెట్టుకోవాలి. లోపలి గొట్టం, బయటి గొట్టం, వాటి ప్లాస్టిక్ కవర్లు, నాలుగూ ఒకే కొలతకు కోయాలి. కోసిన అంచులు ఆకురాయితో నున్నగా చేసి, పొడి దులిపి, గ్రీజు రాయాలి. ఆ తర్వాత షాఫ్టు బాగా సాగే స్థితి కూడా చూసుకోవాలి, అక్కడ ఒక గొట్టం ఇంకోదానిలో కనీసం మూడో వంతైనా ఉండాలి. కోయకుండా వదిలేస్తే దగ్గరయ్యే చోట షాఫ్టు అడ్డం తన్ని, ట్రాక్టర్ పీటీఓ బేరింగునో గేర్‌బాక్స్ బేరింగునో లోపలికి నెట్టేస్తుంది. మరీ ఎక్కువ కోస్తే సాగినప్పుడు ఊడిపోతుంది. అందుకని కోసే ముందు కొలత రెండోసారి వేరే మనిషి చేత చూపించుకోవడం మంచిది. నేను మా మరిదిని పిలిచాను.

గుంతల పని గురించి క్లుప్తంగా. గేర్‌బాక్స్ నిష్పత్తి ఇంచుమించు 3కి 1, అంటే పీటీఓ 540 తిరిగితే ఆగర్ 180 తిరగాలి. ఆ వేగంలో ఎవరూ తవ్వరనుకోండి, నేను ఇంజన్‌ను ఐడిల్‌కు కాస్త పైన ఉంచుతాను. లిఫ్ట్ లివర్ పెట్టిన ఎత్తులోనే నిలిపే పొజిషన్ కంట్రోల్‌లో ఉండాలి, నేల లాగుడును బట్టి ఎత్తు మార్చే డ్రాఫ్ట్‌లో కాదు. జానెడు దింపి, పైకి లేపి, మట్టి విదిలించి, మళ్ళీ దింపాలి. ఒకే దూకుడులో అడుగు దాకా పోదామనుకుంటే, ముఖ్యంగా తడి బంకమట్టిలో, ఆగర్ మరలాగా నేలలోకి బిగుసుకుంటుంది. ట్రాక్టర్ పీటీఓ సాధారణంగా వెనక్కి తిరగదు. అప్పుడు అన్నీ ఆపేసి, పెద్ద పైపు రెంచితో ఆగర్‌ను ఎదురు దిశలో తిప్పి వదులు చేసుకోవడమే మార్గం, లిఫ్ట్ బలంతో పీకబోతే బూమ్ వంగుతుంది. మెత్తటి నేలలో 9 అంగుళాలది నిజంగా ఆనందంగా దిగుతుంది. 12 అంగుళాలది దానికంటే నిదానం, ఇంజన్ మూలుగు కూడా తెలుస్తుంది. రాయి తగిలితే ఏ ఆగరైనా రాయి దగ్గరే ఆగుతుంది, గునపం చేతపట్టాల్సిందే. వేరు తగిలితే పళ్ళు పదునుగా ఉంటే కోసేస్తుంది.

గట్టి నేలలో దిగకపోతే చాలామందికి ఒక దుర్బుద్ధి పుడుతుంది. మా మరిదికీ పుట్టింది.

‘‘వదినా, నేను గేర్‌బాక్స్ మీదెక్కి నిలబడతా, బరువు పడితే అదే దిగుతుంది.’’

‘‘నువ్వు అవతలికి పో. ఆ చెట్టు దాటి నిలబడు.’’

‘‘రెండు నిమిషాలే కదా!’’

పీటీఓ కట్టేసి, ఇంజన్ ఆపేసి కూర్చున్నాను. అతను చెట్టు దాటాకే మళ్ళీ తాళం తిప్పాను. ఇలాంటి ట్రాక్టర్ లిఫ్ట్ పైకి ఎత్తుతుంది గానీ కిందికి నొక్కదు. ఆగర్ దిగేది దాని బరువుకీ, కొసన ఉండే మరమొన నేలను పట్టి లాగడం వల్లా. ఆ మొన, పక్కనున్న కోత పళ్ళు అరిగిపోతే ఎంతమంది ఎక్కినా దిగదు, మార్చుకుంటే ఎవరూ ఎక్కకుండానే దిగుతుంది. తిరిగే ఆగర్ చొక్కా అంచు పట్టుకుందంటే కేక పెట్టేలోపే మనిషిని చుట్టేస్తుంది. గేర్‌బాక్స్ కింద ఆగర్‌ను పట్టే బోల్టు తల బయటికి పొడుచుకుని ఉంటుంది, బట్టను ముందు పట్టేది తరచుగా అదే. నేనైతే చున్నీ ఇంట్లో వదిలేసి, జుట్టు ముడేసుకుని ఎక్కుతాను. గుంతలోంచి మట్టి తీయాలంటే ముందు ఆగర్ ఆగాలి, ఆ తర్వాతే పార.

షియర్ బోల్టు విషయంలో ఈ మెషిన్‌కు మంచి మార్కులే వేస్తాను. గేర్‌బాక్స్ వైపు షాఫ్టు కొసనే ఉంది, చెయ్యి సులువుగా పోతుంది, విరిగిన ముక్క సన్నటి పంచ్‌తో కొడితే వచ్చేస్తుంది. రాయికో వేరుకో ఆగర్ తట్టుకున్నప్పుడు గేర్లు పగలకుండా తాను విరగడమే దాని ఉద్యోగం. అది మాటిమాటికీ విరుగుతోందని గట్టి ఉక్కు బోల్టు పెట్టేవాళ్ళున్నారు. అలా పెడితే తర్వాత విరిగేది గేర్‌బాక్సే. మాన్యువల్‌లో చెప్పిన మెత్తరకం బోల్టులే గుప్పెడు కొని టూల్ బాక్సులో పడేయండి.

ఇప్పుడు అసలు సంగతి, విప్పి దాచడం.

మొదట్లో అందరూ చేసేది నేల మీద పడుకోబెట్టడం. ఇంతకంటే చెడ్డ పద్ధతి లేదు. గేర్‌బాక్స్ పక్కకు వాలి ఉంటే పైనున్న గాలి రంధ్రం గుండా, సీళ్ళ అంచు నుంచి గేర్ ఆయిల్ నిదానంగా కారుతుంది. షెడ్డు నేల మీద నల్ల మరక కనిపించేసరికి లోపల ఎంత మిగిలిందో తెలియదు. మళ్ళీ తగిలించాలంటే నేల మీంచి ఎత్తాలి. నేనొక్కదాన్నే చేయగలనా అంటే, చేయలేను.

రెండోది చాలామంది చెప్పే ఉపాయం: చివరి గుంత తీసి, ఆగర్‌ను అందులోనే వదిలేసి, పిన్నులు లాగేసి ట్రాక్టర్ ముందుకు తీసుకుపోవడం. ఆగర్ గుంతలో నిటారుగా ఉంటుంది గనక గేర్‌బాక్స్ కూడా నిటారుగా ఉంటుంది, బూమ్ ముందు కొస కింద దుంగ పెడితే సరిపోతుంది. నిజం చెప్పాలంటే తగిలించడానికి ఇంత సుఖమైనది ఇంకోటి లేదు. ఒక పూట, మహా అయితే రెండు పూటలు మధ్యలో ట్రాక్టర్ వేరే పనికి కావాల్సి వస్తే నేనూ ఇదే చేస్తాను. కానీ నెలల తరబడి అలా వదిలితే గుంతలో నీళ్ళు చేరతాయి, ఆగర్ తుప్పు పడుతుంది, కాలవ గట్టున అయితే అది మట్టిలో ఇరుక్కుపోతుంది కూడా.

మూడోది గొలుసుతో దూలానికి వేలాడదీయడం. దూలం ఆ బరువు మోస్తుందని గట్టిగా తెలిస్తేనే. కొక్కెం, గొలుసు, దూలం, మూడింట్లో ఏది తప్పినా కింద ఎవరున్నారన్నదే మిగిలే ప్రశ్న. మా షెడ్డు దూలం మీద నాకంత నమ్మకం లేదు, అందుకని ఆ దారి పట్టలేదు.

నాలుగోది స్టాండు. మా డిగ్గర్‌కు కంపెనీవాళ్ళే స్టాండు విడిగా అమ్ముతారు. బూమ్‌కు ఇరుపక్కలా గొట్టపు తొడుగులు ఉంటాయి, వాటిలో రెండు కాళ్ళు దూర్చి పిన్నులు పెట్టాలి. గేర్‌బాక్స్ వైపు ఇంకో కాలు. డిగ్గర్ ట్రాక్టర్ మీద ఉండగానే, లిఫ్ట్‌తో కావాల్సిన ఎత్తుకు తెచ్చి ఇంజన్ ఆపేసి కాళ్ళు పెట్టేస్తాం, తర్వాత మెల్లగా దింపితే కాళ్ళు నేలను ఆనుకుంటాయి. బరువు కాళ్ళ మీదికి వచ్చిందని చూసుకున్నాక పీటీఓ షాఫ్టు, తర్వాత పై పిన్ను, చివర కింది పిన్నులు. అంటే తగిలించిన వరుసకు సరిగ్గా ఎదురు. పిన్ను చేత్తో లాగితే రావాలి. సుత్తి కావాల్సి వచ్చిందంటే దాని మీద ఇంకా బరువు ఉన్నట్టు లెక్క, అప్పుడు లిఫ్ట్ కొద్దిగా కదిపి చూడాలి గానీ కొట్టకూడదు. బరువున్న పిన్నును కొట్టి తీస్తే బూమ్ ఎటు దూకుతుందో చెప్పలేం.

ఈ స్టాండు లేకుండా ఈ డిగ్గర్‌ను ఊహించుకోలేను. అయినా లోపాలున్నాయి. కాళ్ళ అడుగున పెట్టిన రేకు పలకలు అరచేయంత కూడా లేవు, మట్టి నేల మీద పెడితే వారం తిరిగేసరికి ఒక కాలు దిగబడి మొత్తం ఓ పక్కకు ఒరుగుతుంది. కాంక్రీటు నేల లేనివాళ్ళు కాళ్ళ కింద మందపాటి చెక్కలు వేసుకోక తప్పదు. రెండోది, ఫ్రేము సంగతి స్టాండు పట్టించుకోలేదు. కాళ్ళు బూమ్‌ను మోస్తాయి, ఫ్రేము మాత్రం తన దారిన తాను వేలాడుతుంది. కింది పిన్నులు లాగగానే అది ముందుకో వెనక్కో ఊగి పడుతుంది. మళ్ళీ ట్రాక్టర్ వచ్చేసరికి పిన్నులు ఉండాల్సిన చోట ఉండవు.

దీనికి నేను చేసుకున్న ఏర్పాటు చిన్నదే. పిన్నులు తీయకముందే ఫ్రేమును బూమ్‌కు చిన్న గొలుసుతో, బిగుతుగా, అది ఏ కోణంలో ఉందో ఆ కోణంలోనే కట్టేస్తాను. ఫ్రేము కాళ్ళ కింద ఒక చెక్క దిమ్మ దూరుస్తాను. ఆ దిమ్మను మా లింకుల ఎత్తుకు సరిపోయేలా కోయించి, ఎర్ర రంగు పూశాను, ఎవరూ పొయ్యిలో పెట్టకుండా. ట్రాక్టర్ చక్రాలు నిలబడ్డ చోట నేల మీద గీతలు కూడా గీశాను. మళ్ళీ వచ్చినప్పుడు చక్రాలు ఆ గీతల మీదికి తెస్తే లింకులు పిన్నుల ఎదురుగా ఉంటాయి, బూమ్ కొస బ్రాకెట్ ఎత్తులో ఉంటుంది. పైన వాయిదా వేసిన సంగతి ఇదే. ఈ ఏర్పాటుతో ఇప్పుడు నేనొక్కదాన్నే, ఎవరినీ పిలవకుండా తగిలిస్తున్నాను. గొలుసు మాత్రం మూడు పిన్నులూ పడ్డాకే విప్పాలి.

ఆగర్‌ను విడిగా తీసి పెట్టాలా, ఉంచేయాలా అన్న దాని మీద రెండు మాటలున్నాయి. ఉంచేస్తే స్టాండు ఎత్తు సరిపోదు, కాబట్టి మా దాంట్లో తీయక తప్పదు. ఆగర్ కింద చెక్క పెట్టి, అది ఆనుకున్నాకే బోల్టు విప్పాలి, గాల్లో వేలాడుతుండగా విప్పితే కాలి మీదే పడుతుంది. తీశాక గోడకు నిలబెట్టకండి, ఎవరి చెయ్యి తగిలినా దొర్లి వస్తుంది. చెక్కల మీద అడ్డంగా పడుకోబెట్టి, కదలకుండా రెండు వైపులా అడ్డం పెడతాను. గేర్‌బాక్స్ షాఫ్టుకు, ఆగర్ గొట్టం లోపలికి గ్రీజు పట్టించకుండా నెలలు వదిలేస్తే రెండూ తుప్పుతో కలిసిపోతాయి. సీజన్ మొదట్లో సుత్తి పట్టుకుని దాని చుట్టూ ప్రదక్షిణలు చేసేవాళ్ళను చూశాను.

పీటీఓ షాఫ్టును గేర్‌బాక్స్ నుంచి కూడా విప్పి గోడ మేకులకు అడ్డంగా పెడతాను. ఒక కొస వేలాడనిస్తే ప్లాస్టిక్ కవరు పగులుతుంది, బయటి గొట్టం జారిపోయి నేల మీద దుమ్ములో పడుతుంది, ఆ దుమ్ము గ్రీజుకు పట్టి ఇసుక కాగితంలా పనిచేస్తుంది. షాఫ్టు కీళ్ళలోని క్రాసులకు గ్రీజు గన్‌తో గ్రీజు కొట్టి పెడితే తర్వాతసారి పని తగ్గుతుంది. గేర్ ఆయిల్ మాన్యువల్ చెప్పిన గ్రేడే, మా దాంట్లో 90 నంబరు. గేర్‌బాక్స్ నిటారుగా ఉండగా పక్కనున్న ప్లగ్గు విప్పితే రంధ్రం అంచు దాకా ఆయిల్ కనిపించాలి. స్టాండు మీద పెడితే ఈ పరీక్ష కూర్చునే చేసుకోవచ్చు, అది ఇంకో లాభం. పైన గోనె పట్టా కప్పుతాను. ప్లాస్టిక్ బరకం బిగించి కడితే లోపల చెమ్మ పట్టి తుప్పు ఇంకా ఎక్కువవుతుంది.

మిగతా ఫిర్యాదులు చిన్నవి. బోల్టులన్నీ ఒక సైజులో ఉండవు, మూడు పానాలు దగ్గర పెట్టుకోవాలి. షాఫ్టు కవరు తిరగకుండా ఆపే చిన్న గొలుసు ఉంటుంది, దాని కొక్కెం తీగలాగా సన్నగా ఉంది. మార్చేశాను. రంగు ఆగర్ మీద మొదటి గుంతకే పోతుంది, అది అందరిదీ అంతే. కోత పళ్ళు స్పేర్ అడిగితే డీలరు చాలా రోజులు తిప్పారు. ఈలోపు అరిగిన పళ్ళతోనే లాగించాను, గుంతకు పట్టే సమయం బాగా పెరిగింది.

తవ్వడానికి నాలుగు నక్షత్రాలు. తగిలించడానికి స్టాండు లేకుండా ఒకటిన్నర, స్టాండుతో మూడున్నర. మాన్యువల్‌కు ఏమీ ఇవ్వను. కొనబోయేవాళ్ళు డీలర్ దగ్గర ఆగర్ దిగడం చూసి వచ్చేయకండి. ‘‘దీన్ని విప్పి కింద పెట్టి, మళ్ళీ ఒక్కరే తగిలించి చూపించండి’’ అని అడగండి. స్టాండు దొరుకుతుందా, బుష్‌లు ఇస్తారా, షాఫ్టు ఎవరు కోస్తారు, షియర్ బోల్టా లేక భారం ఎక్కువైతే విరగకుండా జారే స్లిప్ క్లచ్చా, మీరు కొనబోయే ఆగర్ల గొట్టం ఈ గేర్‌బాక్స్ షాఫ్టుకు సరిపోతుందా, ఇవీ అక్కడే తేల్చుకోండి. షాఫ్టుల్లో గుండ్రనివి ఉన్నాయి, ఆరు పలకలవి ఉన్నాయి, ఒకదాని ఆగర్ ఇంకోదానికి ఎక్కదు.